ఒక్క మాయలో ఇద్దరు

జగిత్యాల,
1994 మార్చి 6

తమ్ముడు మహిపాల్‌కు,

నువ్వు బాగున్నావని అనుకుంటాను. ఇక్కడ ఎవరమూ బాగాలేము.

సిరిసిల్ల సంగతి ఈపాటికే నీ గదిలో ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది. అయినా అక్కగా నేను రాయాలి. నీతో పాటు పుట్టిన రమేశ్‌ను పట్టపగలు బజారులో తగలబెట్టారు. ప్రాణం మాత్రం పోలేదు.

సిరిసిల్లలోని ఏజెంటు దగ్గర వాడు చేసే పని నీకు తెలిసిందే. ఊళ్లు తిరిగి, గల్ఫ్ వెళ్లాలనుకునే వాళ్లను కూడగట్టి తెచ్చి ఏజెంటు ముందు నిలబెట్టడం. నిన్ను పంపింది వాడే. కనకయ్యను పంపిందీ వాడే. ఆ కనకయ్య శవం పెట్టెలో గంభీరావుపేటకు చేరిన మర్నాడు ఇది జరిగింది. పెట్టె తెరిచినప్పుడు విరిగి నల్లబడిన చెయ్యిని ఊరంతా చూసిందట. దహనం చేసి వచ్చి, తడి బట్టలతోనే ట్రాక్టర్లు ఎక్కి సిరిసిల్లకు వచ్చారు.

ఏజెంటుకు ముందే కబురు అందింది. దొడ్డిదారిన పారిపోయాడు. రమేశ్‌కు ఏమీ తెలియదు. రోజూ వచ్చినట్టే కోరుట్ల నుంచి బస్సులో వచ్చి ఆఫీసు తలుపు తీశాడు. కనకయ్య అన్న వెంకటి వాణ్ణి కాలరు పట్టి బయటికి లాగాడు. కుర్చీలు, బల్లలు రోడ్డు మీద పడేసి నిప్పు పెట్టారు. రమేశ్‌ను కింద పడేసి తన్నారు. పళ్లు రాలాయి. నేను జీతగాణ్ణి, నన్ను కొడితే ఏమొస్తుందని వాడు మొత్తుకున్నాడట. వెంకటి ఎవరి స్కూటర్ నుంచో పెట్రోలు తీసుకొచ్చాడు. పోస్తూ ఒక్క మాట అన్నాడని అక్కడున్న వాళ్లు చెప్పారు.

"నా తమ్ముడు ఎట్ల సచ్చిండో నీ ఒంటికి ఎరుక గావాలె."

పక్క సందులో మరమగ్గాల సాంచాలు నడిపే కార్మికులు మగ్గం మీది బట్టను కోసుకొని, నీళ్లలో ముంచి పరుగెత్తుకొచ్చారు. దాన్ని వాడికి చుట్టి దొర్లించారు. వాళ్లే లేకపోతే నేను ఇవాళ వేరే ఉత్తరం రాసేదాన్ని. ముఖాన్ని చేతులతో కప్పుకొని బోర్లా పడ్డాడు కాబట్టి ముఖం మిగిలింది. ఛాతీ, పొట్ట, వీపు, చేతులు, తొడలు కాలాయి. ఇప్పుడు హైదరాబాదులో కాలిన వాళ్ల వార్డులో ఉన్నాడు. వాడి భార్య బాలలక్ష్మి, మనల్ని కన్న అవ్వ అక్కడే ఉన్నారు. నేను కాలేజీకి సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి వస్తున్నాను.

నువ్వు వాడితో మాట్లాడడం మానేశావని తెలుసు. నేను ఏమీ అడగడం లేదు. చెప్పాలి కనుక చెప్పాను.

నీ అక్క,
వనిత


దమ్మాం,
1994 మార్చి 25

అక్కకు,

చావనీ.

మొదటి మాట ఇదే రాయాలనుకున్నాను, రాశాను. ఇప్పుడు మిగతాది చదువు.

కనకయ్యను దుకాణంలో పని అని తెచ్చారు. విమానం దిగగానే ఎడారిలోకి తోలుకుపోయి మేకల దగ్గర వదిలారు. ఒక మేక చచ్చిందని యజమాని గుడారపు ఇనుప గొట్టంతో కొట్టాడు. చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ చేత్తోనే నడిచి, లారీలు ఎక్కి, మా గది చేరాడు. మా గదిలో ఉన్నవాళ్లమంతా ఖల్లివెల్లి మనుషులం. అంటే యజమాని దగ్గర నుంచి పారిపోయిన వాళ్లం, చేతిలో పాస్‌పోర్టు లేని వాళ్లం. ఆసుపత్రికి తీసుకుపోతే వాడితో పాటు మేమూ జైలుకే. రేపు తీసుకుపోదాం, రేపు తీసుకుపోదాం అనుకుంటూ కూర్చున్నాం. చెయ్యి కుళ్లింది. ఆ వాసనకు పక్కగది వాళ్లు తలుపు బాదేవాళ్లు. జ్వరం తలకెక్కి గోడకు తల కొట్టుకున్నాడు. నలుగురం పట్టుకున్నా ఆగలేదు. నా ఒళ్లో తల పెట్టుకొని పోయాడు. ఆసుపత్రి గేటు ముందు శవాన్ని పడుకోబెట్టి దొంగల్లా పారిపోయి వచ్చాం. మన జిల్లా వాళ్లెవరో తిరిగి తిరిగి పెట్టె కట్టించి పంపారు.

ఇది జరగడానికి చాలా ముందే నేను రమేశ్‌కు ఫోను చేశాను. నాకు చెప్పిన కంపెనీ అనేదే ఇక్కడ లేదు, నన్నే కుక్కలా తిప్పుతున్నారు, ఇంకొక్క మనిషిని కూడా పంపొద్దు అని మొత్తుకున్నాను. వాడు ఏమన్నాడో తెలుసా అక్కా?

"నువ్వు సదురుకుంటలేవు గని, అందరు సదురుకుంటనే ఉన్నరు."

ఆ తర్వాత కనకయ్యను పంపాడు. తెలిసి పంపాడు.

వెంకటి నాకు కనబడితే అతని చెయ్యి పట్టుకొని కళ్లకద్దుకుంటాను. ఆ రమేశ్ పేరు ఇంకెప్పుడూ నాకు రాయకు. అవ్వ సంగతి రాయి, నీ సంగతి రాయి.

మహిపాల్


జగిత్యాల,
1994 ఏప్రిల్ 17

మహిపాల్‌కు,

వాడి పేరు రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేయాలనుకుంటే పూర్తిగా చదివి చింపు.

కాలిన గాయానికి కట్టు మార్చడం ఎట్లా ఉంటుందో నువ్వు చూడలేదు. అతుక్కుపోయిన గుడ్డను ఉప్పునీళ్లతో తడిపి లాగుతారు. గుడ్డతో పాటు మాంసం వస్తుంది. రమేశ్ మొదట్లో అరిచేవాడు, తర్వాత నర్సులను బూతులు తిట్టేవాడు, ఒకసారి నా ముంజేతిని కొరికాడు. ఇప్పుడు అరవడం లేదు. అదే నాకు భయం. ముప్పై ఏళ్ల మనిషిని అవ్వ ఒక్కతే ఎత్తి పక్కకు తిప్పగలుగుతోంది. చీములోంచే ఒంట్లో సత్తువ అంతా కారిపోతోంది.

వాడి కాళ్ల మీద కొంచెం మంచి చర్మం ఉంటే తీసి అతికించారు. చాలలేదు. నాది తీసుకోమన్నాను. డాక్టరు ముందే చెప్పాడు, అది నిలవదు, కొన్నాళ్లు కట్టులా పనికొస్తుంది, అంతే అని. అయినా ఇచ్చాను. నా తొడ మీది చర్మం వాడి ఛాతీ మీద అంటుకుంది. రంగు వచ్చింది. వాడు అన్నం అడిగాడు. బాలలక్ష్మి ఏడ్చింది. మూడో వారంలో అది నల్లబడింది, అంచులు లేచాయి, తమలపాకులు ఎండినట్టు ఎండి ఊడిపోయింది. వాడి నెత్తురు దాన్ని పరాయిదని గుర్తుపట్టి చంపేసింది. నేను ఒక్క కడుపున పుట్టినదాన్ని. అయినా పరాయిదాన్నే.

అప్పుడు డాక్టరు అడిగాడు, ఇతనితో పుట్టిన కవల ఉన్నాడన్నారు కదా, ఇద్దరూ ఒకేలా ఉంటారా అని. చిన్నప్పుడు ఒకడికి జ్వరం వస్తే బాపు ఇంకొకడికి మాత్ర మింగించేవాడని చెప్పాను. పోలిక చాలదన్నాడు. పురుడు సంగతి తెలిసిన వాళ్లు ఉన్నారా అన్నాడు. అవ్వ అక్కడే నేల మీద కూర్చొని ఉంది. తలెత్తకుండానే చెప్పింది.

"మాయ ఒక్కటే వడ్డది సారు. మంత్రసాని సారక్క చేతుల వట్టుకొని నాకు సూపెట్టింది. గీ ఇద్దరు ఒక్కదాన్నే తిని వెరిగిండ్రు అన్నది."

డాక్టరు పెన్ను కింద పెట్టి, మాయ ఒక్కటైతే ఇద్దరూ ఒకే కణం నుంచి చీలినవాళ్లే అన్నాడు.

నేను ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పే పాఠమే ఇది. ఎన్నడూ ఇంట్లో వాళ్ల గురించి అనుకోలేదు. మనిషి మొదలయ్యేది ఒక్క కణంతో. అది రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్లీ చీలుతాయి. మొదట్లో అన్నీ ఒకేలాంటివి. ఏది ఏమవుతుందో ఇంకా తేలదు. ఆ రోజుల్లోనే మీ ఇద్దరిదీ అయిన ఆ ముద్ద రెండయింది. ఎందుకు అవుతుందో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఏ ముక్కకు ఆ ముక్క నిండు మనిషిగా పెరిగింది. కణాలు పనులు పంచుకున్నది ఆ తర్వాతే. కొన్ని ఎముక అయ్యాయి, కొన్ని నెత్తురు, కొన్ని చర్మం. ఒకసారి చర్మమైన కణం ఇక చర్మమే.

ఆ చర్మంలో అట్టడుగున ఒక వరుస ఉంటుంది. మనం బతికినన్నాళ్లూ అది చీలుతూనే ఉంటుంది, కొత్త కణాలను పైకి తోస్తూనే ఉంటుంది. దోక్కుపోయిన మోచెయ్యి మళ్లీ మూసుకునేది దానివల్లే. రమేశ్‌కు ఆ అడుగు వరుసే కాలిపోయింది. చీలడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. చుట్టూ అంచుల నుంచి కొద్దిగా పాకుతోంది. దానికంటే ముందు చీము పాకుతోంది.

నీ చర్మం పెడితే వాడి ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు. ఎందుకంటే అది పరాయిది కాదు. ఈ భూమి మీద ఇంకెవరిదీ పనికిరాదు, నీది తప్ప.

కనకయ్య గురించి నువ్వు రాసింది చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. రమేశ్‌ను అడిగాను, మహిపాల్ ఫోను చేశాడా అని. చేశాడన్నాడు. వాడు మంచివాడని నేను నీకు చెప్పను. వాడిని ఏం చేయాలనుకున్నా ముందు వాడు బతికి ఉండాలి. అది నీ చేతిలో ఉంది. నీ చేతిలో ఉందని తెలిశాక కూడా రాకపోతే, నువ్వు గేటు ముందు పడుకోబెట్టి వచ్చిన శవాలు రెండవుతాయి.

కటువుగా రాశాను. మెత్తగా రాయడానికి నా దగ్గర సమయం లేదు.

వనిత


దమ్మాం,
1994 మే 3

అక్కకు,

చివరి మాట రాసే ముందు ఆలోచించి ఉండాల్సింది. నీ ఉత్తరం చదివి గోడను గుద్దాను. వేళ్లు వాచాయి, అందుకే రాత ఇట్లా ఉంది.

పాస్‌పోర్టు లేని వాడికి ఇక్కడి నుంచి ఇంటికి దారి ఒక్కటే. నేనే పోయి పోలీసులకు దొరకాలి. జైల్లో పెడతారు. ఎన్నాళ్లని ఎవరూ చెప్పలేరు. తర్వాత విమానం ఎక్కిస్తారు. ఇంకెప్పుడూ ఈ దేశంలో కాలు పెట్టనీయరు. ఇన్నేళ్లు ఎలుకలా దాక్కొని బతికిందంతా పోతుంది. పోనీ.

ఒక షరతు. వెంకటి మీద వాడు సాక్ష్యం చెప్పకూడదు. ఎవరు పోశారో చూడలేదని కోర్టులో చెప్పాలి. ఒప్పుకుంటేనే నా తోలు ముట్టుకోనిస్తాను. వాడి నోటితో ఒప్పుకున్నట్టు రాయి.

ఇంకొకటి. తీసిన చోట నాకు మళ్లీ వస్తుందా? భయపడి అడగడం లేదు. ఇకమీదట నేను కూలి చేసుకొనే బతకాలి.

మహిపాల్


జగిత్యాల,
1994 మే 21

మహిపాల్‌కు,

వస్తుంది. పైపొరను పలచగా గీసి తీస్తారు. వెంట్రుకల మొదళ్లలో, చెమట గ్రంథుల్లో కణాలు మిగులుతాయి. అవి చీలి, పక్కలకు పాకి, ఒకదానికొకటి తాకేదాకా పోయి ఆగుతాయి. కొన్ని వారాలు నిప్పుల మీద పడుకున్నట్టుంటుంది. నా తొడ మానింది. బండెడు చాకిరీ చేయొచ్చు.

నీ షరతు రమేశ్‌కు చెప్పాను. సరేనన్నాడు. అడిగినంతసేపు కూడా పట్టలేదు. నాకే పట్టింది. బజారులో మనిషిని తగలబెట్టినవాడు చేతులు దులుపుకొని ఇంటికి పోవాలా? కట్టు మారుస్తుంటే రమేశ్ వీపును చూడమని వెంకటిని ఆ గదిలో నిలబెట్టాలని ఉంది. చూపించి అదే పెట్రోలు వాడి మీద పోయాలని ఉంది. పిల్లలకు పాఠం చెబుతూ ఉండగానే నాకు ఈ ఆలోచన వస్తోంది. సుద్దముక్క చేతిలో విరుగుతోంది.

పోయిన వారం వెంకటిని సిరిసిల్ల కోర్టుకు తెచ్చారు. వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. పోలీసులు కూడా వాణ్ణి తక్కువ కొట్టలేదు, కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. వసారాలో వాడి భార్య రాధ టిఫిన్ గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. నేను వెళ్లి ఆమె జుట్టు పట్టుకొని తలను స్తంభానికి కొట్టాను. ఒకసారి కాదు. నుదురు పగిలి నెత్తురు చెంప మీదికి కారింది. ఆమె తిరిగి చెయ్యెత్తలేదు.

"కొట్టు. మా ఇంట్ల ఒకడు కాష్ఠం మీదికి వోయిండు, ఒకడు జైలుకు వోయిండు. అడ్డమొచ్చేటోడు ఎవ్వడు లేడు."

కానిస్టేబుల్ నన్ను పక్కకు లాగాడు. ఆమె ఫిర్యాదు ఇవ్వలేదు. బస్సులో కూర్చున్నాక చూస్తే నా గోళ్లలో ఆమె వెంట్రుకలున్నాయి.

నువ్వు త్వరగా రా. నేను నాకే భయం పుట్టేలా ఉన్నాను.

వనిత


సిరిసిల్ల,
1994 జూలై 9

అక్కకు,

సిరిసిల్ల సర్కారు దవాఖానలో మంచం మీద ఉండి రాస్తున్నాను. కంగారు పడకు. తలకు కుట్లు వేశారు, అంతే. ఉత్తరం పట్టుకొని వస్తున్న కాంపౌండరు హైదరాబాదు ఆసుపత్రికే వస్తున్నాడు, నువ్వు అక్కడ ఉంటావని ఇచ్చాను.

జైలు సంగతి వచ్చాక చెబుతాను. నీళ్ల కోసం రోజూ కొట్లాటే. ఒకడి చెవి నా పంటికి తెగింది. అంతకన్నా రాయను.

బొంబాయిలో దిగి మన వైపు బస్సు ఎక్కాను. అది సిరిసిల్లలో ఆగింది. కనకయ్య చేతి గడియారం, చొక్కా నా దగ్గరే ఉండిపోయాయి. హైదరాబాదు వెళితే మత్తులో ఉంటాను, ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు, ముందు ఇవి ఇచ్చి పోదామని గంభీరావుపేట వెళ్లాను. నా ముఖం ఎవరి ముఖమో ఆలోచించలేదు.

వాళ్ల వాకిట్లో కాలు పెట్టేసరికి వడ్లు దంచుతున్న రాధ నన్ను చూసింది. కొయ్యబారిపోయి ఒక్క క్షణం చూసింది. తర్వాత చేతిలోని రోకలితోనే వచ్చింది. మొదటి దెబ్బ తల మీద, రెండోది భుజం మీద. కాలినోడు మళ్లొచ్చిండని కేకలు. చుట్టుపక్కల వాళ్లు ఉరికొచ్చారు. కట్టెలు, రాళ్లు, ఎవరిదో కొడవలి. కింద పడ్డాక నా కడుపులో ఎవరి కాలు దిగిందో తెలియదు. నేను రమేశ్‌ను కాదని అరుస్తున్నాను, నోట్లో నెత్తురు నిండి మాట రావడం లేదు. మళ్లీ కాల్చాలన్నారు ఎవరో. అక్కా, ఆ మాట విన్నప్పుడు వాడికి ఆ రోజు ఎట్లా ఉండిందో నాకు తెలిసింది. తెలియాలని నేను కోరుకోలేదు.

కాల్చడానికి నా చొక్కా చింపారు. చింపి ఆగిపోయారు. ఛాతీ నున్నగా ఉంది. వీపు తిప్పి చూశారు. అదీ నున్నగానే ఉంది. కనకయ్య తండ్రి నర్సన్న అరుగు దిగి వచ్చి తన చేత్తో తడిమి చూశాడు.

"వీడు వాడు గాడు. నువ్వెవ్వడివి బిడ్డా?"

కనకయ్య నా ఒళ్లో పోయాడని చెప్పాను. గడియారం చేతిలో పెట్టాను. ముసలాయన నా పక్కనే బురదలో కూర్చున్నాడు. నీళ్లు అడిగిండా అన్నాడు. అడిగాడు, తాగించానన్నాను. ఎవ్వల పేరన్న తీసిండా అన్నాడు. వదినను పిలిచాడన్నాను. అది అబద్ధం కాదు, చివరి రోజు వదినా అనే పిలిచాడు. రాధ రోకలి పడేసి లోపలికి పోయింది. గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. అట్లాంటి ఏడుపు నేను ఎన్నడూ వినలేదు.

ఎందుకొచ్చావని అడిగారు. చెప్పాను. రమేశ్‌కు నా చర్మం ఇవ్వడానికన్న సంగతి దాచలేకపోయాను. ఒకడు నా ముఖం మీద ఉమ్మేశాడు. నర్సన్న మాత్రం గడియారాన్ని రొంటిన దోపుకొని, నెమ్మదిగా అన్నాడు.

"ఇయ్యి. వాడు బతుకాలె. సచ్చిపోతె మేము ఎవ్వన్ని అడుగుదుం?"

వాళ్లే ట్రాక్టరులో వేసి ఇక్కడికి తెచ్చారు. నడవగలిగిన రోజున వస్తాను. కుట్లు చూసి అవ్వ ఏడుస్తుంది, బస్సులో పడ్డానని చెప్పు.

మహిపాల్


జగిత్యాల,
1995 ఫిబ్రవరి 12

మహిపాల్‌కు,

రమేశ్ వాకిట్లోకి నడిచి వచ్చి ఎండలో కూర్చుంటున్నాడని బాలలక్ష్మి రాసింది. నువ్వు కోరుట్లలోనే ఉండిపోయి ఆ ఇంటిని చూస్తున్నందుకు నాకు ధైర్యంగా ఉంది. నీ చర్మం నిలిచిందని డాక్టరు చెప్పిన రోజున అవ్వ ఆయన కాళ్ల మీద పడబోయింది. ఇన్ని నెలలైనా ఒక్క అంచు కూడా లేవలేదు. నేను క్లాసులో కణవిభజన చెప్పేటప్పుడు మీ ఇద్దరి పేర్లు నోట్లోంచి వచ్చేస్తున్నాయి. పిల్లలు వింతగా చూస్తున్నారు.

ఇన్నాళ్లూ అడగని ఒక సంగతి అడుగుతాను. ఆపరేషన్‌కు ముందు రోజు నువ్వు వాడి మంచం దగ్గర ఒంటరిగా ఉన్నావు. నేను పాలు తీసుకొని వచ్చాను. నీ చెయ్యి వాడి గొంతు మీద ఉంది. తలుపు దగ్గరే ఆగిపోయాను. లోపలికి రాలేదు, అరవలేదు. నువ్వు ఒత్తుతావా లేదా అని చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణం నేను ఎవరి వైపు ఉన్నానో ఇప్పటికీ తెలియదు. తర్వాత నువ్వు చెయ్యి తీశావు. వాడు నీతో ఏదో అన్నాడు. ఏమన్నాడు?

ఇరవై రెండున సిరిసిల్ల కోర్టులో రమేశ్ సాక్ష్యం ఉంది. నాకు ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ పడింది, రాలేను. నువ్వు వెంట వెళ్లు. వాడు నీకిచ్చిన మాట మీద ఉంటే వెంకటి ఇంటికి పోతాడు. నేను దానికి ఒప్పుకోవడం లేదు. కానీ ఎదురూ చెప్పడం లేదు. రాధ నుదుటి మీద మచ్చ అట్లాగే ఉందా?

వనిత


కోరుట్ల,
1995 ఫిబ్రవరి 24

అక్కకు,

ముందు నీ ప్రశ్నకు జవాబు. గొంతు పట్టుకున్నది నిజమే. ఒత్తడానికే పట్టుకున్నాను. వాడు నా చెయ్యిని తొలగించుకోలేదు. తొలగించుకునే శక్తీ లేదు. ఒత్తు, కనకయ్య నీ చేతులల్ల పోయిండు గదా, నేను గూడ గట్లనే పోత అన్నాడు. నాకు చెయ్యి సడలింది. కనకయ్యతో వాణ్ణి కలపడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. మంచితనం కాదు.

రాధ నుదుటి మీద మచ్చ ఉంది. కోర్టు వసారాలో చూశాను. నా తల మీది మచ్చను ఆమె చూసింది.

ఇక కోర్టు సంగతి. వెంకటిని బోనులో నిలబెట్టారు. సగమయ్యాడు. నర్సన్న వెనక వరుసలో కూర్చున్నాడు. రమేశ్ నెమ్మదిగా సాక్షి బోను ఎక్కాడు. మెడ దగ్గర చర్మం ముడతపడి తల పూర్తిగా తిరగదు కాబట్టి, వెంకటిని చూడడానికి మనిషంతా తిరగాల్సి వచ్చింది. నీ మీద పెట్రోలు పోసిందెవరో చూశావా అని వకీలు అడిగాడు. నేను వాడి కళ్లలోకే చూస్తున్నాను. వాడు నా వైపు చూడలేదు.

"చూసిన. గీ వెంకటే పోసిండు. అగ్గిపుల్ల గీసింది గూడ ఈయనే."

నాకు ఒళ్లంతా మండింది. లేచి నిలబడ్డాను. కూర్చోమని పోలీసు భుజం నొక్కాడు. వెంకటి కళ్లు మూసుకున్నాడు. వకీలు చాలు, దిగమన్నాడు. వాడు దిగలేదు.

"ఇంకొక మాట ఉన్నది సారు. ఈయన తమ్మున్ని నేను తోలిన. ఆడ పని లేదని, కొడ్తున్నరని మా తమ్ముడు ఫోన్ల చెప్పినంక తోలిన. ఎరుక ఉండి తోలిన. ఏజెంటుకు గూడ ఎరుకే. వాడిప్పుడు యాడున్నడో నేను జెప్త."

నువ్వు ఏం ఒప్పుకుంటున్నావో నీకు అర్థమవుతోందా అని జడ్జి అడిగాడు. అర్థమైందన్నాడు. అయితే రాసుకోమని గుమాస్తాకు చెప్పి, ఆ చనిపోయిన మనిషి పేరేమిటని జడ్జి అడిగాడు. రమేశ్ నోరు తెరిచేలోపే బోనులోంచి వెంకటి చెప్పాడు.

"కనకయ్య. తండ్రి నర్సన్న. మాది గంభీరావుపేట."

ఇంతకాలం ఆ కోర్టులో వాయిదాలు నడిచాయి అక్కా, కాలినవాడి పేరు వంద సార్లు చదివారు. కనకయ్య పేరు కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. నర్సన్న లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తనకే తెలియనట్టు కాసేపు అట్లాగే నిలబడి మళ్లీ కూర్చున్నాడు.

బయటికి రాగానే వసారాలో నేను రమేశ్‌ను చెంప మీద కొట్టాను. అందరి ముందు కొట్టాను. స్తంభం పట్టుకొని నిలదొక్కుకున్నాడు. మాట ఇచ్చి నా ఒంటి తోలు తీసుకున్నావు కదరా అన్నాను. ఇంకా చాలా అన్నాను, నీకు రాసేవి కావు. నేను ఆగేదాకా ఆగి, పెదవి మీది నెత్తురు తుడుచుకొని చెప్పాడు.

"చూడలేదని చెప్తె ఆయన ఇంటికి వోతడు, నేను ఇంటికి వోత. కనకయ్యను ఎవ్వడు చంపిండని ఇంక ఎవ్వడు అడుగడు. నువ్వు చెప్పు, గది మంచిగుంటదా?"

నేను మెట్లు దిగి నడిచాను. వాడి మీద కోపం మాత్రం అట్లాగే ఉంది. తగ్గుతుందని అనుకోను.

సాయంత్రమే పోలీసులు రమేశ్‌ను తీసుకుపోయారు. బేడీలు వేయబోతే నేను అడ్డం వెళ్లాను. మణికట్ల దగ్గర కొత్త చర్మం ఇంకా పలచగా ఉంది, రాపిడికి చిట్లుతుందని చెప్పాను. హెడ్ కానిస్టేబుల్ చూసి, వద్దులే అని బేడీలు నడుముకు తగిలించుకున్నాడు. జీపు ఎక్కేటప్పుడు రమేశ్ ఆ రోజు మొదటిసారి నా వైపు చూశాడు. బాపు చచ్చిపోయినప్పుడు ఇద్దరం ఒకే తువ్వాలలో ముఖం దాచుకున్నాం, నీకు గుర్తుందా, అప్పటి చూపే. నేను చెయ్యి ఊపలేదు.

వెంకటికి ఎన్నేళ్లు పడతాయో వకీలు చెప్పలేకపోతున్నాడు. రమేశ్‌కు కూడా. ఏజెంటును నిన్న నాందేడ్‌లో పట్టుకున్నారని ఇవాళ కబురు వచ్చింది. గంభీరావుపేట నుంచి మరో ఇద్దరు, కోరుట్ల నుంచి ఒకామె, తమ వాళ్ల సంగతి చెబుతామని స్టేషన్‌కు వెళ్లారట.

అవ్వకు ఇంకా చెప్పలేదు. రమేశ్ కోర్టు పని మీద సిరిసిల్లలో ఆగాడని బాలలక్ష్మితో చెప్పించాను. అవ్వ అన్నం వండి, వాడి పళ్లెం కూడా కడిగి పెట్టి, దారి చూస్తూ కూర్చుంది. నా వల్ల కావడం లేదు.

పరీక్షలు ఎవరికైనా అప్పగించి రా అక్కా. ఇద్దరం కలిసి చెబుదాం.

మహిపాల్